సెమినార్‌లో నోరు పెగల్లేదు. ఇప్పుడు థీసిస్ సంగతేంటి?

స్లైడ్14
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, సోషల్ సైన్స్ వైపు. ఇక్కడ చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నిన్న జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా దగ్గర డిగ్రీ రావాలంటే మూడు రీసెర్చ్ సెమినార్లు ఇవ్వాలి. మొదటిది నిన్న అయింది. సెమినార్ అయింది అనడం కంటే నా పని అయింది అనడం నయం. 40 నిమిషాలు మాట్లాడాలి, 20 నిమిషాలు ప్రశ్నలు. నా అంశం: ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తారు? పైలట్ (అసలు పనికి ముందు చేసే చిన్న ప్రయత్నం) అనుకుని 24 మందిని ఇంటర్వ్యూ చేశాను, ఒక్కొక్కటి గంట పైమాటే. అవన్నీ మళ్ళీ విని, టైపు చేసి, కోడింగ్ చేసి, అంటే ఏ మాట ఏ కారణం కిందికి వస్తుందో గుర్తులు పెట్టి, ఐదు కారణాలు తేల్చాను. స్లైడ్ 14లో ఆ ఐదింటినీ ఒక బొమ్మగా వేశాను. రంగులు కూడా బాగానే కుదిరాయి.

ముందు వరసలో ఒక పెద్ద ప్రొఫెసర్ గారు ఎప్పుడూ కళ్ళు మూసుకుని కూర్చుంటారు. నిద్రపోతున్నారనే అందరం అనుకుంటాం. సరిగ్గా ఆ స్లైడ్ దగ్గర కళ్ళు తెరిచి, "బాబూ, ఈ 24 మందిలో కోర్సు మానేసినవాళ్ళు ఎంతమంది?" అన్నారు.

సున్నా.

మానేసినవాళ్ళ ఫోన్ నంబర్లు దొరకవు కదా. దొరికినవాళ్ళంతా పూర్తి చేసినవాళ్ళే. వాళ్ళనే కూర్చోబెట్టి "మీతో చేరినవాళ్ళు ఎందుకు మానేశారంటారు?" అని అడిగాను. ఎనిమిది నెలలుగా నాకు తట్టలేదు, మా గైడ్ గారికీ తట్టలేదు. గొంతు ఎండిపోయింది. నీళ్ళ సీసా మూత తియ్యబోతే చెయ్యి వణికి అది కింద పడి, దొర్లుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గరే ఆగింది. ఆయనే వంగి తీసిచ్చారు. అది ఇంకా ఘోరం.

నాలుగు నెలల్లో ప్రపోజల్ డిఫెన్స్ ఉంది, థీసిస్ ప్లాన్‌ని కమిటీ ముందు సమర్థించుకోవాలి. ఈ సెమినార్లకి అసలు థీసిస్‌తో సంబంధం ఉంటుందా, లేక హాజరు కోసమేనా? నిన్న జరిగింది కమిటీకి నేనే చెప్పాలా? ఉన్న 24 ఇంటర్వ్యూలూ గంగలో కలిసినట్టేనా?

పాతకాపు
తమ్ముడూ, ముందు కడుపునిండా తిని పడుకో. ఆ ప్రశ్న వైవాలో పడి ఉంటే నీకు ఏడాది పోయేది. రెండో ఏడాదిలో పడింది కాబట్టి ఒక నీళ్ళ సీసాతో పోయింది.

రేపు పొద్దున ఆయన గదికి వెళ్ళు. వాదించడానికి కాదు. "మీరైతే ఎలా చేసేవారు సార్?" అని ఒక్క మాట అడుగు. నా మొదటి సెమినార్‌లో నన్ను నిలువునా కడిగేసిన మేడమ్ గారే ఆ తర్వాత నా కమిటీలో సభ్యురాలయ్యారు. నా మూడో చాప్టర్‌ను మా గైడ్ కంటే శ్రద్ధగా చదివింది ఆవిడే.

ల్యాబ్‌పిల్లి
నేను అంతగా ఒప్పుకోను. మా వైపు సెమినార్ అంటే సంతకం పెట్టే పుస్తకం, వెనక వరసలో ల్యాప్‌టాప్ తెరుచుకుని పని చేసుకునే జనం. సెమిస్టర్‌కి ఇన్ని వినాలి అన్న లెక్క కోసం వస్తారు. నా రంగానికి సంబంధం లేని టాపిక్ మీద గంట కూర్చుంటే ఆ గంటలో ల్యాబ్‌లో ఒక ప్రయోగం, ఒక జెల్ రన్ అయిపోయేది. నా థీసిస్‌కి కావలసింది డేటా. డేటా వస్తే అన్నీ వస్తాయి.

అయితే స్లైడ్14 గారి కేసు మాత్రం వేరు. అది మన అబ్రహం వాల్డ్ విమానాల కథే కదా. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీద తూటా దెబ్బలు ఎక్కడున్నాయో చూసి అక్కడ రేకు మందం చెయ్యాలనుకుంటే, తిరిగి రానివాటి సంగతేంటని కొలంబియా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ బృందంలో పనిచేసిన వాల్డ్ లెక్కగట్టాడు. తిరిగొచ్చినవాటికి దెబ్బ లేని చోటే అసలు ప్రమాదం ఉన్న చోటు. మీ 24 మందీ తిరిగొచ్చిన విమానాలు.

స్లైడ్14
ఈ కథ నాకు తెలుసండీ. ఎంఏలో పరీక్షకి కూడా రాశాను. అందుకే ఇంకా కడుపు మండుతోంది.

పుస్తకాలపురుగు
ల్యాబ్‌పిల్లి గారూ, సెమినార్ అనే మాట లాటిన్ "సెమినారియం" నుంచి వచ్చింది. దానికి అర్థం ఏంటో తెలుసా? నారుమడి. విత్తనం చల్లి మొలక పెంచే చోటు. మాటలోనే నారు ఉంది చూడండి, సెమి-నారు.

పాత రోజుల్లో యూరప్ విశ్వవిద్యాలయాల్లో డిసర్టేషన్ అంటే ఒక వాదం. చాలాచోట్ల ప్రొఫెసరే రాసేవాడు, విద్యార్థి లేచి నిలబడి లాటిన్‌లో సమర్థించేవాడు. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు స్థిరపరచిన లిన్నేయస్ అలాంటివి 180కి పైగా తన అధ్యక్షతన నడిపించాడు, వాటిలో ఎక్కువ భాగం ఆయన సొంత సరుకే. అంటే ఆ డిసర్టేషన్‌లో విద్యార్థిది నోరు, గురువుది బుర్ర.

ఇది తిరగబడింది జర్మనీలో. 1787లో హాలె విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్రిఖ్ ఆగస్ట్ వోల్ఫ్ భాషాశాస్త్ర సెమినార్ పెట్టాడు. తర్వాత బెర్లిన్‌లో చరిత్రకారుడు రాంకె పాత దస్తావేజులు బల్లమీద పరిచి, కొద్దిమంది విద్యార్థుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఇది అసలుదా నకిలీదా, ఎవరు రాశారు, ఎందుకు నమ్మాలి అని తేల్చమనేవాడు. విద్యార్థి విని రాసుకునే దశ దాటి, తానే ఒక విషయం తేల్చి నలుగురి ముందు పెట్టే దశకి వచ్చాడు. అమెరికాలో మొదటి పీహెచ్‌డీలు యేల్ ఇచ్చింది 1861లో, 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ ఈ సెమినార్ పద్ధతినే పునాదిగా వేసుకుంది. ఆక్స్‌ఫర్డ్ డీఫిల్ (వాళ్ళ పీహెచ్‌డీకి పేరు అది) 1917 నాటికి గానీ రాలేదు.

కాబట్టి సెమినార్‌కి థీసిస్‌తో సంబంధం ఉందా అంటే, నారుమడికి పొలంతో సంబంధం ఉందా అన్నట్టే.

ల్యాబ్‌పిల్లి
మరి నారు పీకేశారుగా ఆయనది.

పుస్తకాలపురుగు
పీక్కుండా నాట్లు వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?

ల్యాబ్‌పిల్లి
సరే, ఈ ఒక్కటీ మీకే ఇచ్చేస్తున్నా.

మీగైడ్‌నికాను
నేను ఇరవై ఏళ్ళుగా గైడ్‌గా ఉన్నాను. మీ గైడ్‌ని మాత్రం కాను, కాబట్టి నిర్మొహమాటంగా రాస్తాను.

మొదట, ఆ తప్పులో మీ గైడ్ వాటా సగానికి పైనే. శాంపిల్ చూడకుండా 24 ఇంటర్వ్యూలు చెయ్యనిచ్చారు. నేనూ ఇలాంటివి చేశాను, కాదనను. విద్యార్థితో వారం వారం మాట్లాడే మనిషికి కంటి ముందున్న గోడ కనపడదు. అందుకే బయటివాళ్ళు కూర్చునే సెమినార్ కావాలి.

కమిటీకి చెప్పాలా అని అడిగారు. వాళ్ళు అడక్కముందే చెప్పండి. ప్రపోజల్‌లోనే ఒక పేరా పెట్టండి: పైలట్ ఇలా చేశాను, అందులో ఈ లోపం బయటపడింది, అందువల్ల డిజైన్ ఇలా మార్చాను. ప్రపోజల్ డిఫెన్స్‌లో కమిటీ వెతికేది అదే. పైలట్ సజావుగా నడిచిందని రాసినవాళ్ళని నేను రెండోసారి తరచి అడుగుతాను.

24 ఇంటర్వ్యూలు పారేయకండి. వాటిని పిలవాల్సిన పేరుతో పిలవండి. మానేయడానికి కారణాలు ఇవీ అనకండి, మానేసినవాళ్ళ గురించి మానేయనివాళ్ళు చెప్పుకునే కారణాలు ఇవీ అనండి. మానేసినవాళ్ళు దొరికితే వాళ్ళు చెప్పేది దీనికి ఎంత దూరంలో ఉందో చూడొచ్చు. ఆ దూరమే మీ థీసిస్ కావచ్చు. ఇప్పుడున్న దానికంటే అది మంచి ప్రశ్న కూడా.

ఒక్కటి జాగ్రత్త. కొత్త మనుషుల దగ్గరికి వెళ్ళేముందు ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టండి. మీ పాత అనుమతి పూర్తి చేసినవాళ్ళకి మాత్రమే ఉండి ఉంటుంది. అనుమతి లేకుండా సేకరించిన డేటాకి తర్వాత తేదీ వెనక్కి వేసి ఇవ్వరు. ఒక విద్యార్థి మొత్తం సర్వే ఇలాగే వాడుకోలేక పోవడం నా కళ్ళారా చూశాను. 300 ఫారాలు బీరువాలో పడున్నాయి.

స్లైడ్14
సార్, ధన్యవాదాలు. "పిలవాల్సిన పేరుతో పిలవండి" అన్న మాట కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాను.

ఇంకో సందేహం. మా హ్యాండ్‌బుక్‌లో క్రెడిట్లు, సెమినార్లు, క్వాలిఫైయింగ్ పరీక్ష, ప్రపోజల్, గడువు అన్నీ ఉన్నాయి. కానీ థీసిస్ అంటే ఏముండాలి అన్న చోట ఒకే ఒక వాక్యం ఉంది: "జ్ఞానానికి మౌలికమైన చేర్పు." మౌలికం అంటే ఎంత?

మీగైడ్‌నికాను
కొలబద్ద లేదు. కొత్త సిద్ధాంతమే అక్కర్లేదు. కొత్త డేటా మీద పాత ప్రశ్న వెయ్యొచ్చు, పాత డేటాని కొత్త పద్ధతిలో చూడొచ్చు, అందరూ నమ్మేది ఒకచోట చెల్లదని చూపించొచ్చు. నేను పరీక్షకుడిగా థీసిస్ చేతికొచ్చినప్పుడు ముందు సారాంశం, తర్వాత ముగింపు, ఆ తర్వాత రిఫరెన్సులు చూస్తాను. సారాంశంలో ఇస్తానన్నది ముగింపులో ఇచ్చాడా? సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. చాలామంది లిటరేచర్ రివ్యూని పెళ్ళిలో కట్నాలు చదివినట్టు చదువుతారు, ఫలానావారు ఇది అన్నారు, ఫలానావారు అది అన్నారు అని. వాళ్ళు అననిది ఏంటి, దాంతో నీకేం పని? అది చెప్పు చాలు.

కొత్తగాచేరా
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. థీసిస్, డిసర్టేషన్ రెండూ ఒకటేనా? ఒక్కొక్కరు ఒక్కోలా వాడుతున్నారు.

పుస్తకాలపురుగు
అమెరికాలో మాస్టర్స్‌కి రాసేది థీసిస్, పీహెచ్‌డీకి రాసేది డిసర్టేషన్. బ్రిటన్‌లో మామూలుగా దీనికి తలకిందులు. మనం రెండిటినీ సిద్ధాంత గ్రంథం అని ఒకే చాటలో పోసేశాం.

తలుపుఅవతల
నేను వైవా ఇచ్చింది బ్రిటన్‌లో. మూసిన గదిలో ఇద్దరు పరీక్షకులు, ఒకరు లోపలి వ్యక్తి, ఒకరు బయటి వ్యక్తి. ప్రేక్షకులు ఉండరు. నాది రెండున్నర గంటలు పట్టింది. "చిన్న సవరణలతో పాస్" అన్నారు. అక్కడ ఎక్కువమందికి వచ్చే ఫలితం అదే, అది తెలియక నేను సగం ఫెయిలయ్యాననుకుని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను.

నా స్నేహితురాలిది నెదర్లాండ్స్. అక్కడ అందరి ముందూ జరుగుతుంది. సమయం కాగానే చేతికర్ర పట్టుకున్న ఒక అధికారి లోపలికొచ్చి "హోరా ఎస్ట్" అంటాడు, వేళైంది అని లాటిన్‌లో. సగం జవాబులో ఉన్నా ఆగిపోవచ్చు. కష్టమైన ప్రశ్న మీద ఉండగా ఆ మాట వినపడిందట ఆమెకి, అదృష్టం. స్వీడన్‌లో డిఫెన్స్‌కి మామూలుగా మూడు వారాల ముందు థీసిస్‌ని నిజంగానే మేకుతో కొట్టి వేలాడదీస్తారు, ఎవరైనా చదివి వచ్చి అడగొచ్చని.

గది మూసి ఉన్నా తెరిచి ఉన్నా ఒకటి మాత్రం చూశాను. నన్ను వైవాలో అడిగిన పన్నెండు పదమూడు ప్రశ్నల్లో తొమ్మిది అంతకుముందు ఎక్కడో ఒక సెమినార్‌లో ఎవరో ఒకరు అడిగినవే. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. సెమినార్ ఇచ్చేరోజు పక్కన కూర్చునే స్నేహితురాలికి అది ఇచ్చేదాన్ని, వాళ్ళు అడిగింది అడిగినట్టు మాట పొల్లుపోకుండా రాయమని. మనం అక్కడ నిలబడి ఉన్నప్పుడు మన చెవులు పనిచెయ్యవు. "మీ శాంపిల్ ఎంత?" అన్నది మనకి "మీరు పనికిరారు" అని వినపడుతుంది.

స్లైడ్14
నిజం అక్కా. నిన్నటి ప్రశ్నల్లో నాకు ఆ ఒక్కటే గుర్తుంది. మిగతా పదిహేను నిమిషాలూ ఏం అడిగారో, నేను ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తులేదు. మా జూనియర్‌ని అడిగితే ఇంకా నలుగురు అడిగారట, ఇద్దరు మెచ్చుకున్నారట కూడా.

ల్యాబ్‌పిల్లి
పేపర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా దగ్గర థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ అచ్చవ్వాలంటారు. పక్క విభాగంలో అక్కర్లేదంటారు. ఎవరిని నమ్మాలి?

లైబ్రరీకిటికీ
నేను థీసిస్‌లు జమచేసుకునే వైపు పనిచేస్తాను, కాబట్టి రోజూ ఇదే గొడవ. దేశానికొక రకం, సంస్థకొక రకం. భారత్‌లో 2016 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు ఒక జర్నల్ పేపరు, రెండు సదస్సుల్లో సమర్పణ తప్పనిసరి. 2022 నిబంధనలు ఆ షరతు తీసేశాయి. అయినా విశ్వవిద్యాలయం తన సొంత నియమంగా అడగొచ్చు, కాబట్టి మీరు చేరిన సంవత్సరం నియమావళి చూడండి. సీనియర్లు చెప్పేది వాళ్ళ బ్యాచ్ నియమం. జర్మనీలో వరస తిరగబడుతుంది, థీసిస్‌నే ప్రచురించాలి, అంతవరకు డాక్టర్ అని పెట్టుకోవడానికి లేదు. ఎలక్ట్రానిక్‌గా లైబ్రరీలో పెట్టినా చాలాచోట్ల సరిపోతుంది.

పేపర్లనే చాప్టర్లుగా కుట్టి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, సైన్సుల్లో మామూలైపోయింది. కానీ ఆ పేపర్లో ఐదుగురి పేర్లుంటే మీరు చేసింది ఏదో విడిగా రాసివ్వాలి. జర్నల్ కాపీరైట్ అనుమతి కాగితం కూడా పెట్టాలి. ఇది చివరి వారంలో గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు.

కొత్తగాచేరా
ఫార్మాటింగ్‌కి నిజంగా స్కేలు పెట్టి కొలుస్తారా మేడమ్?

లైబ్రరీకిటికీ
నా సొరుగులో స్కేలు ఉంది. ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం అడిగేది బైండింగ్‌లో పోతుంది కాబట్టి, నా సరదాకి కాదు. టేబుల్ పక్కకి తిప్పి వేసినవాళ్ళు ఆ పేజీలో పై అంచు ఎడమ అంచు అయిందని మర్చిపోతారు. పుస్తకం కుట్టాక మొదటి వరస అంకెలు కనపడవు. ఇప్పుడు ఎక్కువగా పీడీఎఫ్‌లే కాబట్టి స్కేలు తక్కువ తీస్తున్నాను, కొత్త రోగాలొచ్చాయి. ఫాంట్లు ఫైల్లో కలపరు, నా దగ్గర తెరిస్తే తెలుగు ఉల్లేఖనలన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. విషయసూచిక చేత్తో టైపు చేస్తారు, చాప్టర్ 4 పేజీ 112 అని ఉంటుంది, తీరా వెళ్తే అది 119. హెడింగ్ స్టైల్స్ మొదటి రోజు నుంచీ పెట్టుకుంటే ఈ గోలే ఉండదు. రిఫరెన్సులకి జొటేరో లాంటిది పెట్టుకోండి, అది ఉచితమే.

సిమిలారిటీ గురించి కూడా చెప్పేస్తాను, అంటే మీ థీసిస్ వేరే రాతలతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే శాతం. ఆ శాతం దొంగతనానికి కొలత కాదు, పోలికకి కొలత. రిఫరెన్సుల జాబితా, కోట్ చేసిన భాగాలు తీసేసి చూడాలి. భారత్‌లో 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు చర్య లేదు, 10 నుంచి 40 మధ్య అయితే సవరించి మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ అంకెకి భయపడి కొందరు చేసే పని ఉంది చూడండి, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి తిప్పుతారు. శాతం తగ్గుతుంది, మతి కూడా పోతుంది. 2021లో గియోమ్ కబనాక్ అనే కంప్యూటర్ సైంటిస్టు, ఆయన సహచరులు ఇలాంటి వింత మాటలు అచ్చైన పేపర్లలో బోలెడు పట్టుకున్నారు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" అని ఉండాల్సిన చోట "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అని ఉందట. దొంగ చైతన్యం!

పాతకాపు
"దొంగ చైతన్యం" నా కొత్త యూజర్‌నేమ్ అవ్వాలి.

కొత్తగాచేరా
ఎన్ని పేజీలు రాయాలి? మా గైడ్ 250కి తగ్గొద్దంటున్నారు. గణితవేత్త జాన్ నాష్ థీసిస్ 28 పేజీలే అంటారు, నిజమేనా?

పుస్తకాలపురుగు
నిజమే. 1950, ప్రిన్స్‌టన్. రిఫరెన్సులు రెండే, అందులో ఒకటి తన సొంత పేపరు. 1994లో వచ్చిన ఎకనామిక్స్ నోబెల్ ఆ పనికే. ఇంకో కథ చెప్తాను. 1924లో లూయీ డి బ్రోయి పారిస్‌లో ఇచ్చిన థీసిస్‌లో ఎలక్ట్రాన్ లాంటి పదార్థ కణాలకి కూడా తరంగ స్వభావం ఉంటుందని రాశాడు. పరీక్షకుల్లో ఒకరైన లాంజెవాన్ ఆ ప్రతిని ఐన్‌స్టైన్‌కి పంపించాడు. ఆయన మెచ్చుకున్నాడు. 1929లో నోబెల్ వచ్చింది.

మీగైడ్‌నికాను
28 పేజీల కథ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు నాకు వినిపిస్తారు. ఆ 28 పేజీలు పట్టుకొస్తే నేనూ సంతకం పెడతాను. పేజీలకి కనీసం చెప్పే చోట్ల కంటే గరిష్ఠం చెప్పే చోట్లు నాకు నచ్చుతాయి. కేంబ్రిడ్జ్‌లో హ్యుమానిటీస్‌లో చాలా విభాగాలకి 80,000 పదాల హద్దు ఉంది. హద్దు ఉంటే ఏది తీసెయ్యాలో ఆలోచిస్తారు. డిఫెన్స్‌లో మనిషి ఇరుక్కునేది చాలాసార్లు ఉండనక్కర్లేని చాప్టర్ దగ్గరే. కష్టపడి రాశాం కదా అని వదల్లేక పెడతారు, పరీక్షకుడు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు.

వదిలేసివచ్చా
నేను అయిదో ఏట వదిలేసి, ఏడేళ్ళు ఉద్యోగం చేసి, మళ్ళీ చేరాను. ఆ అయిదేళ్ళలో సెమినార్ ఇచ్చింది ఒక్కసారే. మిగతావి ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నాను, జ్వరం, డేటా ఇంకా రాలేదు, గైడ్ ఊళ్ళో లేరు. ఎవరికీ చూపించకుండా గదిలో కూర్చుని 180 పేజీలు రాశాను. మొదటిసారి బయటివాళ్ళు చదివింది ప్రీ-సబ్మిషన్ అప్పుడు, అంటే థీసిస్ ఇచ్చే ముందు. రెండో చాప్టరూ మూడో చాప్టరూ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నాయని పది నిమిషాల్లో చెప్పేశారు. అప్పుడు దాన్ని సరిదిద్దే ఓపిక నాలో లేదు.

తిరిగి చేరడానికి సిగ్గుపడుతుంటే ఎవరో బ్రయాన్ మే గురించి చెప్పారు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు. 1970ల మొదట్లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో అంతరిక్ష ధూళి మీద పీహెచ్‌డీ సగంలో వదిలేసి పాటలు పాడుకోవడానికి పోయాడు. తిరిగొచ్చి 2007లో పూర్తి చేశాడు. ఏడేళ్ళు నాకు లెక్కలోది కాదనిపించింది.

ఈసారి సెమినార్ ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ ఖాళీ నేనే అడిగి తీసుకుంటున్నాను. బాగా ఇస్తున్నానని కాదు. చాప్టర్ కూడా పూర్తి కాకుండా, నాలుగు పేజీలు, రెండు బొమ్మలు పట్టుకుని వెళ్తున్నాను. పూర్తయినదాన్ని ఎవరైనా తప్పంటే మనసు ఒప్పుకోదు, సగంలో ఉన్నదాన్ని అంటే మార్చుకోవచ్చు.

ల్యాబ్‌పిల్లి
ఇది చదివి కాసేపు ఊరుకుండిపోయాను. నాది నాలుగో ఏడు. ఇవ్వాల్సిన రెండో సెమినార్ మూడుసార్లు వాయిదా వేయించుకున్నాను. డేటా వస్తే అన్నీ వస్తాయి అని పైన రాసింది నేనే కదా. డేటా వచ్చి ఏడు నెలలైంది.

తలుపుఅవతల
ఏం ఆపుతోంది మరి?

ల్యాబ్‌పిల్లి
ఒక కంట్రోల్, పోల్చి చూడ్డానికి పక్కన నడిపే ప్రయోగం. మూడు బ్యాచ్‌ల్లో రెండిటికే ఉంది. ఎవరూ అడగరులే అని.

పాతకాపు
ముందు వరసలో కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటారా మీ దగ్గర?

స్లైడ్14
వారం తర్వాత వచ్చాను, అప్‌డేట్.

ఆ ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళాను. తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పాతకాపు గారు చెప్పినట్టే "మీరైతే ఎలా చేసేవారు సార్?" అన్నాను. ఆయన బల్లమీదున్న కవరు వెనక్కి తిప్పి రెండు గళ్ళు గీశారు, ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు. పోయినవాళ్ళ గడిలో మళ్ళీ అడ్డంగా ఒక గీత పెట్టి, "మొదటి వారంలో పోయినవాడూ, చివరి వారంలో పోయినవాడూ ఒకటేనా?" అన్నారు. ఇంకో కొత్త ప్రశ్న! కానీ ఈసారి గొంతు ఎండలేదు. తన పీహెచ్‌డీలో ఆయన కూడా ఇలాంటి పొరపాటే చేశారట, అది వైవాలో బయటపడిందట. దాని గురించి అంతకుమించి చెప్పలేదు. ఆ కవరు నాకే ఇచ్చేశారు.

మా గైడ్ గారు మొదట కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత ఎథిక్స్ సవరణ ఫారం ఆవిడే కూర్చుని నాతో నింపించారు. కోర్సు నడిపేవాళ్ళు ఎవరి వివరాలూ ఇవ్వరు, కానీ మానేసినవాళ్ళకి మా ఆహ్వానం వాళ్ళే మెయిల్ చేస్తామన్నారు. ఇష్టమున్నవాళ్ళు మాకు రాస్తారు. అనుమతి వచ్చాకే పంపుతారు. ప్రశ్నల జాబితా ముందు ఒక్క మనిషి మీద వేసి చూద్దామని ఇంట్లో అడిగితే, మా అన్నయ్య తనూ ఒక కోర్సు మానేశానన్నాడు. ఎందుకు అంటే, "మానెయ్యలేదురా, నాకు కావలసిన రెండు పాఠాలు చూసుకుని వచ్చేశా" అన్నాడు. నా ఐదు కారణాల్లో ఇది లేదు.

అన్నయ్య మాట డేటాలోకి రాదు, తెలుసు. కానీ ప్రశ్నల్లోంచి "ఎందుకు మానేశారు" తీసేసి "ఎలా బయటికొచ్చారు" అని మార్చాను. రెండో సెమినార్‌కి తేదీ కూడా అడిగాను, ప్రపోజల్‌కి మూడు వారాల ముందు.

మీగైడ్‌నికాను
ఆ కవరు దాచుకోండి. మీ అన్నయ్యకి మీ థీసిస్ కృతజ్ఞతల పేజీలో చోటు ఇవ్వండి. అది సిమిలారిటీలో రాదు.

లైబ్రరీకిటికీ
వస్తుంది సార్. అందరూ ఒకేలా రాస్తారు ఆ పేజీ.

ల్యాబ్‌పిల్లి
నేనూ తేదీ తీసుకున్నాను, వచ్చే గురువారం. లేని కంట్రోల్ సంగతి రెండో స్లైడ్‌లోనే పెట్టేశాను, పెద్ద అక్షరాలతో. ఎవరైనా నోట్‌బుక్ పట్టుకుని కూర్చోవాలి కదా, మా జూనియర్‌ని బతిమాలుతున్నాను.

స్లైడ్14
మొత్తం ఎన్ని స్లైడ్లు?

ల్యాబ్‌పిల్లి
పదమూడు. కావాలనే అక్కడ ఆపాను.